హీబ్రూ ప్రవక్తలు: జాతుల మీద తీర్పు, పేదల లెక్క

మన దగ్గర ప్రవక్త అంటే జోస్యం చెప్పేవాడనే అర్థం స్థిరపడిపోయింది. చర్చిల్లో యెషయానీ మీకానీ క్రీస్తు పుట్టుక గురించి ముందే చెప్పినవాళ్లుగా డిసెంబరు నెలలో చదువుతారు. మిగతా పదకొండు నెలలూ ఆ పుస్తకాల్లో మిగిలిన అధ్యాయాల జోలికి పోయేవాళ్లు తక్కువ. యూనివర్సిటీ చరిత్ర శాఖల్లో అయితే అవి మతగ్రంథాలని పక్కన పెట్టేస్తారు. ఈ రెండు చోట్లా వదిలేసిన భాగమే మాకు ముఖ్యమైంది. క్రీ.పూ. 8వ శతాబ్దం నుంచి 6వ శతాబ్దం దాకా ఇశ్రాయేలు, యూదా అనే రెండు చిన్న రాజ్యాల్లో కొందరు మనుషులు నలుగురిలో నిలబడి రాజ్యాల మీద నేరాలు మోపారు. ఎవరు ఏం చేశారో పేరు పెట్టి చెప్పారు. దేవుడు ఏ దండన వేస్తాడో చెప్పారు. ఆ నేరాల జాబితాలో ఏముంది, ఏం లేదు, ఆ దండన చివరికి ఎవరి నెత్తిన పడింది అన్నవి మా ప్రశ్నలు.

ఈ పుస్తకం మన వాడల్లోకి ఎలా వచ్చిందో తెలిసిందే. 1876-78 కరువు వెనకాలే, 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణలో ఎన్నో మాల మాదిగ ఇళ్లల్లోకి వచ్చిన మొట్టమొదటి అచ్చు పుస్తకం బైబిలే. అక్షరం నేర్చుకున్నది దాన్ని చూసే. కాబట్టి అది పరాయి పుస్తకం అనే వాదనకి ఇక్కడ జవాబు చెప్పాల్సిన పని లేదనుకుంటాం. అయితే మనదైన పుస్తకమని దాన్ని ప్రశ్నించకుండా వదిలేయాల్సిన పనీ లేదు.

ముందు ఒక మాట గురించి. తెలుగు బైబిల్లో ‘అన్యజనులు’ అని చదువుకుంటాం కదా, దానికి హీబ్రూలో ఉన్న మాట ‘గోయిమ్’. దానికి అసలు అర్థం జనాలు, జాతులు అని మాత్రమే. అందులో ‘అన్య’ అనేది లేదు. ఇశ్రాయేలుని గురించి చెప్పేటప్పుడు కూడా నిర్గమకాండం 19వ అధ్యాయంలో అదే మాట ఏకవచనంలో వాడారు. మనది-పరాయిది అనే గీత ఆ మాటకి తర్వాత తగిలించిన బరువు. ఆమోసుని చదివేటప్పుడు ఈ బరువు దించుకోవడం చాలా అవసరం.

ఆమోసు మాట్లాడింది రెండో యరొబాము ఉత్తర ఇశ్రాయేలుని ఏలుతున్న రోజుల్లో, అంటే క్రీ.పూ. 8వ శతాబ్దం మధ్యలో. ఊరు తెకోవ, యెరూషలేముకి దక్షిణంగా కొండ మీద ఉన్న ఊరు. అది యూదా రాజ్యంలో ఉంది. దక్షిణాది మనిషి ఉత్తరాదికి పోయి, బేతేలు గుడి దగ్గర మాట్లాడాడు. మన మిత్రులు కొందరు ఆమోసుని పేద గొర్రెలకాపరిగా, ఇంచుమించు మనవాడిగా చెప్తుంటారు. అంత తేలిగ్గా చెప్పలేం. మొదటి వచనంలో ఆయన వృత్తికి వాడిన మాట ‘నోకేద్’. రాజుల రెండో గ్రంథం 3వ అధ్యాయంలో మోయాబు రాజు మేషాకి కూడా ఇదే మాట వాడారు. ఆ మేషా లక్ష గొర్రెపిల్లల కప్పం కట్టేవాడు. ఆమోసు మందలు మేపినవాడో, మందలున్నవాడో ఆ మాటనిబట్టి తేలదు. 7వ అధ్యాయంలో మాత్రం పసుల కాపరిననీ మేడిపండ్ల పని చేసుకునేవాడిననీ చెప్పుకుంటాడు. మనకి ఆయన కులం కన్నా ఆయన తయారు చేసిన జాబితా ముఖ్యం.

ఆ జాబితా మొదటి రెండు అధ్యాయాల్లో ఉంది. దమస్కుతో మొదలవుతుంది. కళ్లంలో పంట నూర్చినట్టు ఇనుప పనిముట్లతో గిలాదు ప్రాంతం జనాన్ని నూర్చేశారన్నది దమస్కు మీద నేరం. తర్వాత గాజా. ఊళ్లకి ఊళ్లనే చెరపట్టి ఎదోముకి అమ్మేశారు. తర్వాత తూరు. అదీ మనుషుల బేరమే, పైగా అన్నదమ్ముల్లా ఉంటామని చేసుకున్న ఒప్పందాన్ని మరిచిపోయి మరీ. ఎదోము తన తోబుట్టువుని కత్తి పట్టుకుని తరిమాడు. అమ్మోను తన సరిహద్దు పెంచుకోవడానికి గిలాదులో గర్భిణీ స్త్రీల కడుపులు చీల్చాడు. మోయాబు ఎదోము రాజు ఎముకల్ని కాల్చి సున్నం చేశాడు. ఒక్కొక్క పేరు వచ్చినప్పుడల్లా బేతేలు గుంపు తలలూపి ఉంటుందని ఊహించడం కష్టం కాదు. వీళ్లంతా చుట్టూ ఉన్న శత్రువులు. దమస్కు రాజు హజాయేలు ఇశ్రాయేలుని ఎంత ఏడిపించాడో తాతలు చెప్పగా విన్నవాళ్లు ఆ గుంపులో ఉండే ఉంటారు. 1993లో ఉత్తర ఇజ్రాయెల్‌లోని తేల్ దాన్ తవ్వకాల్లో ఒక అరామిక్ శాసనం దొరికింది. ఇశ్రాయేలు రాజునీ దావీదు వంశపు రాజునీ చంపానని ఒక అరాము రాజు అందులో గొప్పలు చెప్పుకున్నాడు. చాలామంది పండితులు ఆ రాజు హజాయేలేనంటారు. కాబట్టి ఆమోసు చెప్పిన నేరాలు గాలిలోంచి పుట్టినవి కావు.

ఇక్కడ గమనించాల్సింది ఈ జాబితాలో ఏం లేదు అన్నది. దమస్కువాళ్లు హదదు దేవుణ్ణి కొలిచారనిగానీ, మోయాబువాళ్లు కెమోషు గుడికి పోయారనిగానీ ఒక్క నేరం కూడా లేదు. ఆ ఆరు జాతుల్లో ఏ ఒక్కదాన్నీ దాని మతం కోసం బోనులో నిలబెట్టలేదు. నిలబెట్టింది మనుషుల్ని ఏం చేశారన్న దానికే. మనుషుల్ని నూర్చడం, అమ్మడం, చీల్చడం, చచ్చినవాడి ఎముకలకి కూడా మర్యాద ఇవ్వకపోవడం. మతం మార్పిడి గురించి గొంతు చించుకునేవాళ్లు ఏ మతంలో ఉన్నా సరే, ఈ జాబితాని ఒకసారి తీరిగ్గా చదవాలి.

దేవుడికి కోపం వచ్చి రాజ్యాల్ని శిక్షిస్తాడనే ఊహ హీబ్రూవాళ్ల సొంతమేం కాదు. 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని ధీబాన్‌లో మేషా రాజు శిలాశాసనం దొరికింది. పైన లక్ష గొర్రెపిల్లల మేషా అన్నామే, ఆయనదే. క్రీ.పూ. 9వ శతాబ్దం నాటిది. కెమోషు దేవుడు తన దేశం మీద కోపగించాడు కాబట్టే ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబుని చాలాకాలం అణచిపెట్టగలిగాడని అందులో ఉంది. అంటే తన దేవుడు తన జనాన్నే శిక్షించాడని మోయాబు రాజు కూడా ఒప్పుకున్నాడు. కానీ ఆ కోపం ఎందుకో చెప్పలేదు. ఎవరికి అన్యాయం చేస్తే కెమోషుకి కోపం వచ్చిందో ఆ రాతిమీద లేదు. అదే శాసనంలో నెబో ఊరు పట్టుకుని ఏడు వేలమంది ఆడా మగా అందర్నీ దేవుడి పేర చంపానని రాజు గర్వంగా రాయించుకున్నాడు. అలాంటి దేవుడి పేర నిర్మూలనలు హీబ్రూల యెహోషువ గ్రంథంలో కూడా ఉన్నాయి, దాచాల్సిన పని లేదు. ఆమోసు చేసిన పని వేరు. కోపానికి కారణం అడిగి, ఆ కారణాన్ని మనుషుల ఒంటి మీద చూపించాడు.

ఇంకో సంగతి వ్యాఖ్యానాల్లో ఒక వాక్యంతో దాటేస్తుంటారు. మోయాబు చేసిన నేరానికి బలైంది ఎదోము రాజు. ఇశ్రాయేలుకి అందులో పోయింది ఏమీ లేదు. పైపెచ్చు ఎదోము కూడా అదే జాబితాలో, అంతకు ముందే నేరస్థుడు. ఇక్కడ తీర్పరి బాధితుల కులదైవం కాదన్నమాట. తన జనానికి అన్యాయం జరిగిందని కోపగించేవాడు పోషకుడు. ఎవరికో ఎవరో చేసినదానికి, అదీ ఒక నేరస్థుడికి జరిగిన అన్యాయానికి కూడా కేసు కట్టేవాడు న్యాయమూర్తి. హీబ్రూ గ్రంథాల్లో ఈ రెండు దేవుళ్లూ ఉన్నారు. ఆమోసు రెండో అధ్యాయం మొదటి మూడు వచనాల్లో రెండోవాడు స్పష్టంగా కనబడతాడు.

ఏడో పేరు యూదా. అది ధర్మశాస్త్రాన్ని తోసిపుచ్చిందన్న సాదా ఆరోపణ మాత్రమే ఉంది. తర్వాతి కాలంలో చేర్చి ఉంటారని చాలామంది అంటారు. దాన్ని దాటిపోదాం.

ఎనిమిదో పేరు ఇశ్రాయేలు. వింటున్నవాళ్లే. వాళ్ల నేరాలు ఏంటయ్యా అంటే, నిర్దోషిని వెండికి అమ్మారు, దరిద్రుణ్ణి చెప్పుల జతకి అమ్మారు, పేదల తలల్ని మట్టిలో తొక్కారు, తండ్రీ కొడుకూ ఒకే పిల్ల దగ్గరికి పోతున్నారు, తాకట్టు పెట్టుకున్న బట్టల మీద బలిపీఠాల పక్కన పడుకుంటున్నారు, జుల్మానాగా వసూలు చేసిన ద్రాక్షారసం గుడిలో తాగుతున్నారు. చెప్పుల జత ఏంటని పండితులు చాలా రాశారు. రూతు గ్రంథంలో చెప్పు విప్పి ఇవ్వడం భూమి హక్కు బదలాయింపుకి గుర్తు కాబట్టి ఇది భూమి కాజేయడమే అని కొందరు, అంత చిన్న అప్పుకే మనిషిని అమ్మేశారని కొందరు. చెప్పుల జతకి ఎంత పని పడుతుందో, దాని బదులు ఎంత ధాన్యం కొలిచేవాళ్లో తెలిసిన మన పెద్దలకి రెండు అర్థాలూ ఒక్కటే అనిపించవచ్చు.

ఈ ఎనిమిదో పేరులోనే ఆమోసు చరిత్రకి ఇచ్చిన అసలు విషయం ఉందని మేం భావిస్తున్నాం. యుద్ధంలో కడుపులు చీల్చడమూ, ఊళ్లో అప్పుకింద మనిషిని జమకట్టుకోవడమూ ఒకే జాబితాలో, ఒకే వాక్య నిర్మాణంలో, ఒకే తీర్పరి ముందు ఉన్నాయి. ప్రతి పేరుకీ మూడు నేరాలు, నాలుగు నేరాలు అనే ఒకే పల్లవి. గాజా మనుషుల్ని అమ్మింది, ఇశ్రాయేలూ మనుషుల్నే అమ్మింది. పొరుగు రాజ్యం చేస్తే దౌర్జన్యం, మన ఊరి పెద్దలు చేస్తే ఆచారం అనే తేడాని ఆమోసు ఒప్పుకోలేదు.

ఈ పెద్దల జీవితం ఎలా ఉండేదో తవ్వకాల్లో కొంత తెలిసింది. షోమ్రోనులో, అంటే రాజధాని సమరయలో, 1910లో హార్వర్డ్ యూనివర్సిటీ తవ్వకాల్లో కుండపెంకుల మీద సిరాతో రాసిన చిట్టాలు బయటపడ్డాయి. 8వ శతాబ్దానివి. ఏ ఊరినుంచి, ఏ మనిషి పేర, పాత ద్రాక్షారసమో శుద్ధి చేసిన నూనో రాజధానికి చేరింది అన్నదే వాటిలో ఉన్న లెక్క. ఆమోసు 6వ అధ్యాయంలో గిన్నెలకొద్దీ ద్రాక్షారసం తాగుతూ మేలిరకం నూనె పూసుకునేవాళ్లని తిడతాడు. ఆ రెండు సరుకులే చిట్టాల్లోనూ ఉండటం గమనించాలి. 1930లలో అదే చోట వందలకొద్దీ చెక్కిన దంతపు ముక్కలు దొరికాయి. దంతపు మంచాలని ఆమోసు చెప్పింది కవిత్వం కాదు.

తాకట్టు బట్ట సంగతికి ఇంతకన్నా గట్టి ఆధారం ఉంది. అది ఆమోసు కన్నా నూరేళ్లకి పైగా తర్వాతిది, యూదా వైపుది. 1960లో మధ్యధరా తీరాన యావ్నె-యామ్ దగ్గర ఒక చిన్న కోటలో ఒక కుండపెంకు దొరికింది. పదీ పదిహేను పంక్తులు. ఒక కోతకూలీ అధికారికి పెట్టుకున్న అర్జీ. తన కోత తాను పూర్తిచేసి ధాన్యం కొలిచి పెట్టాననీ, అయినా షోబయి కొడుకు హోషయాహు వచ్చి తన బట్ట లాక్కుపోయాడనీ, ఎండలో తనతో కోత కోసిన అన్నదమ్ములందరూ తన తరపున సాక్ష్యం చెప్తారనీ, తను ఏ తప్పూ చెయ్యలేదనీ, బట్ట ఇప్పించమనీ. తీసుకున్న బట్టని పొద్దుగూకేలోపు తిరిగి ఇవ్వాలని నిర్గమకాండం 22వ అధ్యాయంలో చట్టం ఉంది. కూలీ ఆ చట్టం పేరు ఎత్తలేదు. అతను రాయించుకున్నది ఎవరో లేఖకుడి చేత అయి ఉండొచ్చు. అధికారి ఏం చేశాడో తెలియదు. కానీ యజమాని పేరు మిగిలింది, కూలీ పేరు ఆ పెంకు మీద లేదు.

న్యాయం అడిగే చోటు ఆ రోజుల్లో ఊరి గవిని. మన రచ్చబండ లాంటిది, అక్కడే పెద్దలు కూర్చునేవాళ్లు. గవినిలో లంచాలు తిని పేదవాణ్ణి నెట్టేస్తున్నారని ఆమోసు 5వ అధ్యాయంలో చెప్పింది ఈ కోర్టు గురించే. మనకీ గవినిలున్నాయి. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. పోరాడి పోరాడి అదే ఊళ్లో ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆమోసు మాటలు పండితుల వ్యాఖ్యానాల్లో ఒక రకంగానూ, ఇలాంటి ఊళ్లల్లో చర్చి చాప మీద కూర్చుని విన్నప్పుడు ఇంకో రకంగానూ వినపడతాయి.

ఆమోసుకి వచ్చిన జవాబు కూడా చూడాలి. బేతేలు పూజారి అమజ్యా రాజుకి కబురు పెట్టాడు, ఇతను కుట్ర చేస్తున్నాడు, ఇతని మాటల్ని దేశం మోయలేదు అని. ఆమోసుతో అన్నది ఇంకా ముచ్చటైనది. నీ యూదా దేశానికి పో, అక్కడ నీ కూడు నువ్వు సంపాదించుకో, అక్కడ ప్రవచించుకో, ఇది రాజుగారి గుడి అన్నాడు. నువ్వు చెప్పింది అబద్ధం అనలేదు. ఇది మా ఇంటి విషయం, నువ్వు బయటివాడివి అన్నాడంతే. 2001 ఆగస్టు 31 నుంచి సెప్టెంబరు 8 దాకా డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు కులాన్ని కూడా చర్చలో పెట్టమని అడిగాయి. కులం జాతి కాదు, అది దేశం లోపలి విషయం, దానికి మా రాజ్యాంగం ఉంది అని భారత ప్రభుత్వం అడ్డుపడింది. చివరి ప్రకటనలో కులం మాట రాలేదు. మరుసటి ఏడాది, 2002లో, జాతివివక్ష నిర్మూలన మీద ఉన్న ఐక్యరాజ్యసమితి కమిటీ, పుట్టుకనిబట్టి చూపే వివక్షలో కులం కూడా వస్తుందని తన 29వ సాధారణ సిఫార్సులో చెప్పింది. అమజ్యా వాదన ఎంత పాతదో, ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

1980ల నుంచి మన దేశంలో దళిత వేదాంతం ఒక ధారగా ఎదిగింది. ఎ.పి. నిర్మల్ వంటివాళ్లు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదల అనే కథ మీద దాన్ని నిలబెట్టారు. విలువైన పనే. అయితే ఆ కథకి రెండో సగం ఉంది. విడుదలైనవాళ్లు పోయి ఇంకొకళ్ల భూమి ఆక్రమిస్తారు. ఆమోసు 9వ అధ్యాయం 7వ వచనంలో ఈ కథ మీదే చెయ్యి వేశాడు. ఇశ్రాయేలీయులు తనకి కూషీయుల్లాంటివాళ్లేననీ, ఇశ్రాయేలుని ఐగుప్తు నుంచి తెచ్చినట్టే ఫిలిష్తీయుల్ని కఫ్తోరు నుంచీ, అరామీయుల్ని కీరు నుంచీ తెచ్చానని దేవుడు అడిగినట్టుగా చెప్పాడు. కూషు అంటే ఐగుప్తుకి దక్షిణాన ఉన్న నల్లవాళ్ల దేశం. ఫిలిష్తీయులు, అరామీయులు ఎవరు? మొదటి అధ్యాయంలోని గాజావాళ్లు, దమస్కువాళ్లు. శత్రువులకి కూడా ఒక విడుదల కథ ఉంది, దాన్నీ ఆ దేవుడే నడిపించాడు అంటే ఇక ఎన్నికైన జాతి అనే గర్వానికి చోటెక్కడిది?

ఆమోసు చెప్పిన శిక్ష వచ్చింది. అష్షూరు సామ్రాజ్యం రూపంలో వచ్చింది. మూడో తిగ్లత్పిలేసెరు క్రీ.పూ. 745లో గద్దెనెక్కాక పశ్చిమ రాజ్యాలు ఒక్కొక్కటే పడిపోయాయి. క్రీ.పూ. 722-721లో షోమ్రోను పడింది. అక్కడినుంచి 27 వేల పైచిలుకు మందిని తరలించుకుపోయానని రెండో సర్గోను తన శాసనాల్లో రాయించుకున్నాడు. ఇక్కడే మన ఇబ్బంది మొదలవుతుంది. ఆ 27 వేలల్లో దంతపు మంచాలవాళ్లు ఎందరు, చెప్పుల జతకి అమ్ముడుపోయినవాళ్లు ఎందరు? సర్గోను లెక్కలో ఆ తేడా లేదు. ఆమోసు కూడా దీనికి జవాబు చెప్పలేదు. దోషులు పెద్దలు, శిక్ష మాత్రం రాజ్యం మొత్తానికి.

యెషయాకి ఈ చిక్కులో ఒక సగం తెలుసు. ఆయన 10వ అధ్యాయం పేదల హక్కు కాజేయడానికి అన్యాయపు చట్టాలు రాసేవాళ్లకి శాపనార్థాలతో మొదలవుతుంది. చట్టాన్ని అతిక్రమించినవాళ్లు కాదు, రాసేవాళ్లు. వెంటనే 5వ వచనం నుంచి అష్షూరుని దేవుడి చేతి కర్ర అంటాడు. ఆ వెనువెంటనే ఆ కర్రకీ తీర్పు ఉందంటాడు, ఎందుకంటే కర్ర తనంతట తానే లేచిందనుకుంటోంది, గొడ్డలి తనతో నరికేవాడి ముందు గొప్పలు పోతోంది. సామ్రాజ్యం న్యాయానికి పనిముట్టు కావొచ్చుగానీ న్యాయం కాలేదు అన్నది ఇందులో ఉన్న సూక్ష్మం. ఇంగ్లీషువాడి పాలన మనకి మేలు చేసిందా కీడు చేసిందా అని ఇప్పటికీ సాగుతున్న వాదంలో ఈ రెండు ముక్కలూ కలిపి మాట్లాడేవాళ్లు తక్కువ. బడి తలుపు తెరిచినవాడే కరువులో ధాన్యం ఓడలకెత్తాడు.

అష్షూరు రాజధాని నీనెవె క్రీ.పూ. 612లో బబులోనువాళ్లు, మాదీయుల చేతిలో కూలింది. నహూము గ్రంథమంతా ఆ కూలడం గురించే. రక్తం తాగిన పట్నం కూలినందుకు బాధితులు సంబరపడటాన్ని తప్పుపట్టడం మాకు చేతకాదు. కానీ 3వ అధ్యాయంలో ఆ పట్నాన్ని ఒక స్త్రీగా చేసి, ఆమె బట్టలెత్తి జాతులన్నిటి ముందూ నగ్నంగా నిలబెడతానని దేవుడే అంటున్నట్టు రాశారు. యెహెజ్కేలు 16, 23 అధ్యాయాల్లో యెరూషలేముకీ షోమ్రోనుకీ కూడా ఇలాంటి శిక్షే. దళిత స్త్రీని ఊరి నడుమ వివస్త్రని చేయడం ఇక్కడ అలంకారం కాదు, భూమి తగాదాలో కూలి తగాదాలో వాడే ఆయుధం. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దాన్ని పేరుపెట్టి నేరంగా రాయాల్సి వచ్చింది. ప్రవక్తల న్యాయాన్ని ఒప్పుకుంటూనే ఆ భాషని తిరస్కరించాలి. ఆమోసు నేరం అన్నదాన్ని నహూము శిక్షగా రాశాడు, అంతే తేడా.

యిర్మీయా 34వ అధ్యాయంలో చరిత్ర విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన ఒక సంఘటన ఉంది. క్రీ.పూ. 588 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించింది. రాజు సిద్కియా, పెద్దలు, పూజారులు దూడని రెండు ముక్కలు కోసి వాటి నడుమ నడిచి ఒక ఒప్పందం చేసుకున్నారు. తమ హీబ్రూ దాసదాసీలందర్నీ విడిచిపెడతామని. విడిచిపెట్టారు కూడా. ఎందుకు విడిచిపెట్టారో ఆ పుస్తకం చెప్పదు. ముట్టడిలో వాళ్లకి తిండి పెట్టడం భారమై ఉండొచ్చు, గోడల మీద కాపలాకి మనుషులు కావాల్సి ఉండొచ్చు, దేవుడికి భయపడీ ఉండొచ్చు. ఈలోగా ఐగుప్తు సైన్యం కదిలింది. బబులోనువాళ్లు ముట్టడి ఎత్తి అటు పోయారు. అపాయం తప్పిందనుకున్నారు. విడిచిపెట్టిన దాసుల్ని మళ్లీ పట్టి లోబరుచుకున్నారు. యిర్మీయా తీర్పు ఒక్క మాట మీద తిరుగుతుంది. మీరు వాళ్లకి విడుదల ఇవ్వలేదు కాబట్టి నేను మీ మీదికి కత్తినీ తెగులునీ కరువునీ విడుదల చేస్తున్నానని దేవుడు చెప్పినట్టు. వెళ్లిపోయిన సైన్యం తిరిగొస్తుంది అన్నాడు. తిరిగొచ్చింది. క్రీ.పూ. 586లో నగరం కాలింది.

ఒక నగరం పతనానికి కారణంగా రాజు యుద్ధనీతినిగానీ, కోట బలహీనతనిగానీ కాక, విడుదల చేసిన దాసుల్ని తిరిగి పట్టుకోవడాన్ని చూపించిన చరిత్ర రచన ప్రాచీన ప్రపంచంలో ఇంకెక్కడుందో మాకు తట్టడం లేదు. చరిత్రకారుడు దాన్ని కారణంగా ఒప్పుకోడు, నిజమే. నెబుకద్నెజరు సైన్యం తిరిగొచ్చింది దాసుల కోసం కాదు. కానీ ఎన్నికల ముందు పట్టాలిచ్చి, గెలిచాక అదే భూమిని లాక్కునే దేశంలో ఆ అధ్యాయం పాతబడదు.

ఇక దండన ఎవరి మీద పడింది అన్న ప్రశ్నకి యూదాలో వచ్చిన జవాబు షోమ్రోను జవాబులాంటిది కాదు. బబులోనువాళ్లు తీసుకుపోయింది ప్రధానంగా రాజవంశాన్ని, పూజారుల్ని, అధికారుల్ని, చేతిపనివాళ్లని. యిర్మీయా 52వ అధ్యాయం మూడు విడతల లెక్క ఇస్తుంది. 3,023, 832, 745. అన్నీ కలిపి 4,600. రాజుల గ్రంథం మొదటి విడతకే పదివేలంటుంది. ఏ లెక్క తీసుకున్నా దేశంలో ఎక్కువమంది దేశంలోనే ఉండిపోయారు. వాళ్లలో నిరుపేదలకి సేనాపతి నెబూజరదాను ద్రాక్షతోటలూ పొలాలూ ఇచ్చాడని యిర్మీయా 39వ అధ్యాయం 10వ వచనంలో ఒక్క ముక్కలో ఉంది. బబులోనువాడికి పేదల మీద ప్రేమ కాదు, పన్నుకి పంట కావాలి. అయినా ఏమీ లేనివాళ్ల చేతికి పొలం వచ్చిన ఆ ఒక్క వాక్యం దగ్గర మనం ఆగాలి.

వాళ్లు ఏం చేశారు? మిస్పాలో గెదల్యాని అధికారిగా పెట్టారు. పారిపోయినవాళ్లు మోయాబు నుంచి, అమ్మోను నుంచి, ఎదోము నుంచి తిరిగొచ్చారు. ఆమోసు జాబితాలోని ఆ శత్రుదేశాలే వాళ్లకి తలదాచుకోను చోటిచ్చాయి. ఆ ఏడు ద్రాక్షారసమూ వేసవి పండ్లూ విస్తారంగా సేకరించుకున్నారని 40వ అధ్యాయం చెప్తుంది. మిస్పాగా గుర్తించిన తేల్ ఎన్-నస్బె తవ్వకాల్లో ఆ ఊరు 586లో కాలలేదనీ, బబులోను పాలనలో కూడా జనం కాపురమున్నారనీ తేలింది. యిర్మీయాకి బబులోను పోయే అవకాశం ఇచ్చినా పోలేదు, వీళ్ల దగ్గరే ఉన్నాడు. కొద్ది నెలలకే రాజవంశం మనిషి ఇష్మాయేలు పదిమందితో భోజనానికి వచ్చి గెదల్యాని చంపాడు.

బబులోనుకి పోయిన పెద్దల పక్కన ఇంకో ప్రవక్త ఉన్నాడు. యెహెజ్కేలు, పూజారి, 597లో తరలించినవాళ్లతో పోయినవాడు. ఆయన 33వ అధ్యాయం చదివితే, శిథిలాల్లో మిగిలినవాళ్లు ఏమన్నారో తెలుస్తుంది. అబ్రాహాము ఒక్కడై ఉండి ఈ నేలని పొందాడు, మేం చాలామందిమి, ఇది మాకే వచ్చింది అన్నారు. దున్నేవాడికే భూమి అన్నట్టు ఉంది ఆ మాట. యెహెజ్కేలు జవాబు వాళ్లు కత్తికి, అడవి మృగాలకి, తెగులుకి పోతారని. వాళ్ల మీద మోపిన నేరాల్లో ముందున్నవి రక్తంతో మాంసం తినడం, విగ్రహాల వైపు చూడటం. ఆమోసు జాబితాలో వెతికినా దొరకని నేరాలివి. యిర్మీయా కూడా ఒకచోట, 24వ అధ్యాయంలో, తరలిపోయినవాళ్లు మంచి అంజూరపు పండ్లు, మిగిలినవాళ్లు కుళ్లినవి అన్నాడు. అది సిద్కియానీ అతని అధికారుల్నీ ఉద్దేశించినదే అయినా, తర్వాత వాడుకున్నవాళ్లకి అందరికీ పనికొచ్చింది.

పుస్తకాలు భద్రపరిచి, కూర్చి, రాసినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లదే పైచేయి. దినవృత్తాంతముల రెండో గ్రంథం చివర డెబ్భై ఏళ్లూ దేశం పాడుగా పడి విశ్రాంతి తీసుకుందని ఉంది. ద్రాక్ష కోసినవాళ్లు, కుండలు కాల్చినవాళ్లు ఆ వాక్యంలో లేరు. ఎజ్రా గ్రంథానికి వచ్చేసరికి ‘దేశపు జనం’ అనే మాట తిట్టయింది. తీర్పు అనే భావం అలా చేతులు మారింది. ఆమోసు దాన్ని పెద్దల మీద వాడాడు, తిరిగొచ్చిన పెద్దలు దాన్ని పొలంలో ఉన్నవాళ్ల మీద వాడారు. దేవుడు అదే, చట్టం అదే, పత్రాలు మాత్రం మారాయి.

నెహెమ్యా క్రీ.పూ. 445లో యెరూషలేము గోడ కట్టించడానికి వచ్చాడు. ఆయన గ్రంథం 5వ అధ్యాయంలో ప్రవక్తలెవరూ లేరు. జనమూ వాళ్ల ఆడవాళ్లూ కేకలు వేశారని ఉంది, ఆడవాళ్లని ప్రత్యేకంగా చెప్పారు. పొలాలూ ద్రాక్షతోటలూ ఇళ్లూ ధాన్యం కోసం తాకట్టు పెట్టామనీ, రాజు పన్నుకి అప్పులు చేశామనీ, తమ ఒళ్లూ తమ సోదరుల ఒళ్లూ ఒకటే అయినా తమ కొడుకుల్నీ కూతుళ్లనీ దాసత్వానికి ఇస్తున్నామనీ, కొందరు కూతుళ్లు ఇప్పటికే పోయారనీ, పొలాలు వేరేవాళ్ల చేతిలో ఉన్నాయి కాబట్టి విడిపించుకునే శక్తి లేదనీ. నెహెమ్యా పెద్దల్ని పిలిచి, పూజారుల ముందు ఒట్టు పెట్టించి, ఆ రోజే పొలాలూ తోటలూ ఇళ్లూ తిరిగి ఇమ్మన్నాడు. ఇచ్చారని ఉంది. కూతుళ్ల సంగతి ఆ ఒట్టులో లేదు.